పని పోయిన రోజు నుంచి: ఈఎస్ఐ భృతి ఎలా తీసుకోవాలి, ఎక్కువ జమ అయితే ఎలా తిరిగి కట్టాలి

రేపటి నుంచి రావద్దని సూపర్‌వైజర్ చెప్పిన సాయంత్రం ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఇంటి అద్దె, చిట్టీ వాయిదా, పిల్లల ఫీజు. ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కార్డు గుర్తుకు రాదు. జ్వరం వస్తే మందులు ఇప్పించే కార్డుగానే మనలో చాలామందికి అది తెలుసు. వరంగల్ చుట్టుపక్కల మిల్లుల్లో, గోదాముల్లో, దుకాణాల్లో పనిచేసేవాళ్ల జీతాల లెక్కలు రాయడం నా వృత్తి. పదిహేను వేల జీతంలో నెల నెలా మీ వాటా 113 రూపాయలు, యజమాని వాటా 488 రూపాయలు ఈఎస్ఐకి వెళ్తాయి. పని పోయినప్పుడు కొన్నాళ్లు ఆదుకునే భృతి కూడా ఆ చందాలోనే ఉంది. అడిగిన వాళ్లకే వస్తుంది, అందుకే ఎలా అడగాలో వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక గందరగోళం తొలగాలి. ఎన్నికల సభల్లో నెలకు ఇంత అని విన్న నిరుద్యోగ భృతి వేరు, ఇది వేరు. చదువు ముగించి ఉద్యోగం వెతుక్కుంటున్న పిల్లలకు ఇది రాదు. ఈఎస్ఐ చందా కట్టి, ఉన్న పని పోగొట్టుకున్నవాళ్లదే ఈ డబ్బు.

ఫ్యాక్టరీ మూతపడటం మన ప్రాంతానికి కొత్త కాదు. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు 2002లో మూతపడింది. కమలాపురం రేయాన్ ఫ్యాక్టరీ, కాగజ్‌నగర్ కాగితం మిల్లు రెండూ 2014లోనే ఆగిపోయాయి. కాగజ్‌నగర్‌లో నాలుగేళ్లకు మళ్లీ సైరన్ మోగింది, కమలాపురంలో మోగలేదు. ఇప్పుడు గీసుకొండ, సంగెం వైపు టెక్స్‌టైల్ పార్కుకు పొద్దున్నే బస్సులెక్కి వెళ్తున్న ఆడపిల్లలను చూస్తే, వీళ్లకైనా ఈ సంగతి ముందే తెలిసి ఉండాలనిపిస్తుంది.

మీకు వర్తించే పథకం ఏది?

ఈఎస్ఐలో పని పోయినవాళ్లకు రెండు దారులున్నాయి.

ఎక్కువమందికి పనికొచ్చేది అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. 2018 జూలై 1న ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి విడతల వారీగా పొడిగిస్తూ వస్తున్నారు. కాబట్టి మీ పని పోయిన తేదీకి పథకం గడువు అమల్లో ఉందో లేదో బ్రాంచి ఆఫీసులో మొదటే అడగండి. మొదట్లో సగటు రోజు సంపాదనలో పావు వంతు ఇచ్చేవారు, 2020 మార్చి 24 నుంచి దాన్ని సగానికి పెంచారు. జీవితకాలం మొత్తంలో 90 రోజులకు మించి రాదు.

రెండోది రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన, 2005 ఏప్రిల్ నుంచి ఉంది. ఫ్యాక్టరీ మూతపడినా, రిట్రెంచ్‌మెంట్ (కార్మికుడి తప్పు లేకుండా మనుషులను తగ్గించుకోవడం) కింద తీసేసినా, పనికి సంబంధం లేని ప్రమాదంలో 40 శాతానికి తగ్గని శాశ్వత వైకల్యం వచ్చి పని పోయినా దీన్ని అడగవచ్చు. భత్యం గరిష్ఠంగా రెండేళ్ల వరకు ఉంటుంది. చందా కాలం షరతులు మొదటి పథకానికి భిన్నం. మీ మిల్లు నిజంగానే మూతపడి ఉంటే తొందరపడి 90 రోజుల దరఖాస్తు పెట్టకండి. ముందు దీని గురించి అడగండి. ఒకే కాలానికి రెండూ రావు. మూతపడిన మిల్లు కార్మికులు ఈ సంగతి తెలియక చిన్నదాన్ని తీసుకుని పెద్దదాన్ని వదులుకోవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఇక్కడి నుంచి మొదటి పథకం గురించే రాస్తాను.

అర్హత చూసుకోండి

పని పోయే నాటికి కనీసం రెండేళ్లుగా ఈఎస్ఐ వర్తించే ఉద్యోగంలో ఉండాలి. ఈఎస్ఐ లెక్కలో ఏడాదికి రెండు చందా కాలాలు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి వరకు మరొకటి. పని పోవడానికి సరిగ్గా ముందున్న చందా కాలంలో కనీసం 78 రోజుల చందా పడి ఉండాలి. అంతకుముందున్న మూడింటిలో ఏదో ఒకదానిలో కూడా 78 రోజులు ఉండాలి. ఇవన్నీ ఈఎస్ఐ వెబ్‌సైటులో మీ ఇన్సూరెన్స్ నంబరుతో లాగిన్ అయితే కనిపిస్తాయి. ఫోనులో చేతకాకపోతే ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలతో చూపించుకోండి, పది నిమిషాల పని.

కాంట్రాక్టరు కింద పనిచేసినవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త ఇన్సూరెన్స్ నంబరు తీసేవాళ్లున్నారు. అప్పుడు మీ రెండేళ్ల సర్వీసు రెండు ముక్కలై, ఏ ముక్కలో చూసినా అర్హత చాలదు. మీ పేరు మీద రెండు నంబర్లుంటే భృతి అడగక ముందే, రెండూ నావేనని రాసి, ఆధార్ నకలు జతచేసి, కలపమని బ్రాంచి ఆఫీసులో దరఖాస్తు ఇవ్వండి.

దుష్ప్రవర్తన కారణంగా తొలగిస్తే భృతి రాదు. పదవీ విరమణ అయినా, స్వచ్ఛంద విరమణ తీసుకున్నా రాదు. రెండు చోట్ల పనిచేస్తూ ఒకచోట పని పోయినవాళ్లను నిరుద్యోగులుగా లెక్కించరు.

సంతకం పెట్టే ముందు ఆగండి

పని మానిపించేటప్పుడు ఆఫీసులో ఒక కాగితం ముందు పెడతారు. "ఇది మామూలే, సంతకం పెడితే ఫైనల్ సెటిల్‌మెంట్ తొందరగా అవుతుంది" అంటారు. ఆ కాగితంలో చాలాసార్లు ఉండేది "నా సొంత కారణాల వల్ల ఉద్యోగం మానేస్తున్నాను" అన్న ఒక్క వాక్యం. దాని కింద సంతకం పడితే, మిమ్మల్ని తీసేశారని రుజువు చేసుకోవడం చాలా కష్టం. రిట్రెంచ్‌మెంట్ పరిహారం కూడా అక్కడే చిక్కుకుంటుంది. ఏడాదికి తక్కువ కాకుండా వరుసగా పనిచేసిన కార్మికుడిని తీసేస్తే ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల వేతనం చొప్పున పరిహారం ఇవ్వాలి.

కాబట్టి చదవకుండా సంతకం పెట్టకండి. కాగితం ఇంగ్లీషులో ఉంటే ఫోటో తీసుకుని, ఇంట్లో చూపించి రేపు తెస్తానని చెప్పండి. అలా చెప్పడం ఎదురు తిరగడం కాదు. మీ అంతట మీరు మానేయకపోతే మానేశానని రాయకండి. వీలైతే "పని లేనందున ఫలానా తేదీ నుంచి తొలగించాము" అని రాసి ఇమ్మని అడగండి.

అదే రోజు జీతాల గుమస్తాను ఇంకో మాట అడగాలి. నెల నెలా ఈఎస్ఐ వెబ్‌సైటులో చందా నమోదు చేసేటప్పుడు, పనిలోకి రాని కార్మికుడి పేరు ఎదురుగా ఒక కారణం, ఆఖరి పనిదినం తేదీ ఎంచుకోవాలి. ఆ జాబితాలో సెలవు, లెఫ్ట్ సర్వీస్, రిట్రెంచ్‌మెంట్, నో వర్క్ వంటివి వరుసగా ఉంటాయి. గుమస్తాకు తొందర ఎక్కువ, తరువాతి నెల 15వ తేదీలోపు అందరివీ ఎక్కించాలి. చేతికి దొరికింది నొక్కేస్తాడు. నేనూ ఆ కుర్చీలో కూర్చునే మనిషిని కాబట్టి చెబుతున్నాను: "అన్నా, నా పేరుకు ఏ కారణం పెడుతున్నావు? ఆఖరి రోజు ఏ తేదీ పెడుతున్నావు?" అని ఎదురుగా నిలబడి అడిగితే సరిగ్గానే పెడతాడు. ఆ తేదీ తప్పితే భృతి ఆగవచ్చు. అంతకన్నా ఇబ్బంది ఏమిటంటే, భృతి వచ్చాక అది అర్హత లేని డబ్బుగా తేలవచ్చు.

ఎంత వస్తుందో లెక్క

నాలుగు చందా కాలాల్లో, అంటే రెండేళ్లలో, మీకు వచ్చిన మొత్తం వేతనాన్ని 730తో భాగిస్తారు. వచ్చినదానిలో సగం మీ రోజు భృతి.

నెలకు 15,000 చొప్పున 24 నెలలు నాగా లేకుండా తీసుకుంటే మొత్తం 3,60,000. దాన్ని 730తో భాగిస్తే 493 రూపాయల 15 పైసలు, అందులో సగం 246 రూపాయల 58 పైసలు. 90 రోజులకు సుమారు 22,190 రూపాయలు. మధ్యలో పని లేక జీతం రాని నెలలుంటే మొత్తం తగ్గుతుంది, భాగించే 730 మాత్రం తగ్గదు. "సగం జీతమన్నారు, ఇంత తక్కువ వచ్చిందేమిటి" అని అడిగే వాళ్ల లెక్క చాలావరకు ఇక్కడే తేడా పడుతుంది.

దరఖాస్తు

పని పోయిన తేదీ నుంచి 30 రోజులు నిండాక అడగవచ్చు. మొదట్లో ఇది 90 రోజులుండేది, తరువాత తగ్గించారు. యజమాని ద్వారా పంపాల్సిన అవసరం కూడా లేదు, మీరే నేరుగా పెట్టుకోవచ్చు. ఈఎస్ఐ వెబ్‌సైటులో మీ లాగిన్‌లో ఈ పథకం పేరుతోనే దరఖాస్తు ఉంటుంది. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ దగ్గర పెట్టుకోండి. ఆధార్‌లో, పాస్‌బుక్‌లో, ఈఎస్ఐ రికార్డులో పేరు ఒకేలా ఉందా చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఒకచోట పూర్తిగా ఉంటే డబ్బు అక్కడే ఆగిపోతుంది. నింపిన దరఖాస్తు ప్రతిని బ్రాంచి ఆఫీసులో ఇచ్చేటప్పుడు, మీ దగ్గర ఉంచుకునే నకలు మీద స్వీకరణ ముద్ర, తేదీ వేయించుకోండి.

ఇంటర్నెట్ సెంటరులో నింపిస్తే ఒక్క గడి మాత్రం మీ కళ్లతో చూడండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు పని లేదని రాస్తున్నారో చూడండి. ఎందుకో కింద రాస్తాను. భృతి ఇప్పిస్తాను, అందులో ఇంత ఇవ్వు అనే మనిషి ఎదురైతే దణ్ణం పెట్టి వచ్చేయండి. ఫోనుకు వచ్చే ఓటీపీ ఎవరికీ చెప్పకండి.

భృతి తీసుకునే రోజుల్లో మీకూ, మీ మీద ఆధారపడిన వాళ్లకూ ఈఎస్ఐ వైద్యం కొనసాగుతుంది. ఇంట్లో బీపీ, షుగరు మందులు వాడే పెద్దవాళ్లుంటే ఇది డబ్బు కన్నా పెద్ద ఆసరా. పనిలో గాయపడి శాశ్వత వైకల్య పింఛను తీసుకుంటున్నవాళ్లకు ఆ పింఛను ఆగదు.

పీఎఫ్ సంగతి క్లుప్తంగా

పీఎఫ్ భృతి కాదు, మీ సొంత పొదుపు. పని పోతే నిల్వలో 75 శాతం వెంటనే తీసుకోవచ్చని, మిగతాది ఏడాది తరువాతేనని 2025 అక్టోబరులో పీఎఫ్ ట్రస్టీల బోర్డు నిర్ణయించింది. వెబ్‌సైటులో మీకు ఏమి చూపిస్తుందో చూసుకుని అడగండి. యజమాని నిష్క్రమణ తేదీ పెట్టకపోతే, ఆఖరి చందా తరువాత రెండు నెలలకు మీరే పెట్టుకోవచ్చు. ఈఎస్ఐలో ఉన్న తేదీ, ఇక్కడి తేదీ ఒకటే అయి ఉండాలి. పీఎఫ్ సమస్యలకు ప్రతి నెలా 27న జిల్లాల్లో నిధి ఆప్కే నికట్ శిబిరం పెడతారు, కాగితాలతో వెళ్లండి.

అర్హతకు మించి డబ్బు వస్తే

గత ఏడాది మా వీధిలో ఒక తమ్ముడు రాత్రి తొమ్మిదింటికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. మడతల దగ్గర చిరిగేలా ఉంది, కాస్త బియ్యపు పిండి అంటుకుని ఉంది. ఇంట్లో వాళ్ల కంట పడకుండా ఇరవై రోజులు బియ్యం డబ్బాలో దాచాడట. "అక్కా, జైల్లో వేస్తారా?" అన్నాడు. కాగితం విప్పితే, అర్హత లేకుండా తీసుకున్న 30 రోజుల భృతి తిరిగి కట్టాలని ఉంది.

జరిగింది ఇది. మే 31న పని పోయింది. జూన్ 1 నుంచి లెక్కిస్తే 60 రోజులకు జూలై 30. ఆ తరువాత ఒక గోదాములో పని దొరికింది. సెప్టెంబరు మొదట్లో భృతికి దరఖాస్తు చేస్తే, సెంటరులో అబ్బాయి మొత్తం 90 రోజులూ పని లేదని నింపేశాడు. ఇతను చూడలేదు. డబ్బు జమ అయింది, అప్పులవాళ్లకు పోయింది. ఇంతలో గోదాము యజమాని ఇతని పాత ఇన్సూరెన్స్ నంబరు మీదే చందా కట్టడం మొదలుపెట్టాడు. అది మంచి యజమాని చేసే పనే. నంబరు ఒకటే కాబట్టి భృతి రోజులు, పని రోజులు ఒకదాని మీద ఒకటి పడ్డట్టు రికార్డులో తేలిపోయింది.

అర్హత లేకుండా వచ్చిన డబ్బు తిరిగి కట్టాలన్నది 1948 ఈఎస్ఐ చట్టం 70వ సెక్షన్. తెలిసి అబద్ధం రాసి డబ్బు తీసుకోవడం 84వ సెక్షన్, దానికి ఆరు నెలల వరకు జైలు, జరిమానా ఉన్నాయి. ఈ రెండూ వేర్వేరు విషయాలు. 2025 నవంబరు 21 నుంచి ఆ పాత చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది కాబట్టి, మీకు వచ్చే లేఖలో సెక్షన్ నంబరు వేరుగా ఉండవచ్చు. పొరపాటు జరిగిన మనిషి తనంతట తానే ముందుకు వచ్చి రాసిచ్చిన కాగితం ఫైలులో ఉంటే, అతను దాచాలనుకోలేదని ఆ ఫైలే చెబుతుంది. బియ్యం డబ్బాలో దాస్తే అలా చెప్పేది ఏదీ ఉండదు. అందుకే లేఖ రాగానే, లేదా లేఖ రాకముందే మీకు తెలిసిపోతే, కదలాలి.

ఇలా చేయండి.

లేఖలో నాలుగు అంకెలు వెతకండి: ఏ తేదీ నుంచి, ఏ తేదీ వరకు, రోజు భృతి ఎంత, మొత్తం ఎంత. ఇవి లేకపోతే లెక్క ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. లెక్క చూడకుండా కట్టనవసరం లేదు.

తరువాత ప్రతి తేదీనీ మీ దగ్గరున్న కాగితాలతో సరిచూడండి. ఆ తమ్ముడి విషయంలో గోదాము నియామక పత్రం మీద జూలై 31 ఉంది. కానీ హాజరు పట్టీలో అతని మొదటి సంతకం ఆగస్టు 4న ఉంది, జీతం కూడా ఆ రోజు నుంచే లెక్కకట్టారు. మధ్యలో నాలుగు రోజులు అతనికి పనీ లేదు, కూలీ లేదు. హాజరు పట్టీ నకలు మీద యజమాని సంతకం, ముద్ర వేయించి, జీతం చిట్టీ, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేసి ఇచ్చాం. 30 రోజులు 26 అయ్యాయి. కట్టాల్సింది సుమారు 7,397 నుంచి 6,411కు తగ్గింది. వెయ్యికి కాస్త తక్కువే, అయినా అది అతని డబ్బు.

లేఖకు జవాబు తెలుగులోనే రాయండి. ఈ మాత్రం చాలు:

"నా ఇన్సూరెన్స్ నంబరు ఫలానా. ఫలానా తేదీన కొత్త పనిలో చేరాను. దరఖాస్తులో తేదీలు తప్పుగా నింపడం వల్ల ఇన్ని రోజుల భృతి అదనంగా జమ అయింది. ఆధారాలు జతచేశాను. వీటి ప్రకారం లెక్క సరిచేసి, ఎంత కట్టాలో, ఎలా కట్టాలో తెలపండి. ఒకేసారి కట్టే స్థోమత లేదు. నెలకు ఇంత చొప్పున కట్టుకునే వీలు కల్పించమని కోరుతున్నాను."

వాయిదాలు ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ల నిర్ణయం. కానీ అడగకుండా వదిలేయకండి, నోటిమాటగా అడిగి ఊరుకోకండి. నెలకు ఎంత కట్టగలరో నిజంగా కట్టగలిగిన అంకెనే రాయండి. వెయ్యి కట్టగలిగిన మనిషి మొహమాటానికి మూడు వేలు రాస్తే రెండో నెలలోనే తప్పుతాడు.

డబ్బు ఏ విధంగా కట్టాలో ఆఫీసువాళ్లు రాసిచ్చిన పద్ధతిలోనే కట్టండి. ఎవరి చేతికీ నగదు ఇవ్వకండి, ఎవరి సొంత ఫోను నంబరుకూ పంపకండి. భృతి ఎక్కువ పడిందని, ఈ లింకు నొక్కి వెంటనే కట్టకపోతే కేసు పెడతామని ఫోనుకు సందేశం వస్తే జవాబివ్వకుండా నేరుగా బ్రాంచి ఆఫీసుకు వెళ్లి అడగండి.

మీది తప్పే కాదనుకుంటే, అంటే మీరు ఆ రోజుల్లో ఎక్కడా పని చేయలేదు, ఎవరో తప్పు నంబరు మీద చందా ఎక్కించారు అనుకుంటే, అదే మాట ఆధారాలతో రాసి ఇవ్వండి. ఆ యజమాని దగ్గర మీరు పనిచేయలేదని అతనితోనే రాయించుకుని, తప్పు నమోదు సరిచేయించండి. బ్రాంచిలో వినకపోతే ప్రాంతీయ కార్యాలయానికి, ఆ పైన కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల వెబ్‌సైటు సీపీగ్రామ్స్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఈఎస్ఐ ఉచిత ఫోను నంబరు 1800-11-2526. అక్కడా తేలకపోతే భృతి వసూలు వివాదాలను విచారించేది ఎంప్లాయీస్ ఇన్సూరెన్స్ కోర్టు. మన కార్మిక సంఘాల ఆఫీసుల్లో ఈ కేసులు తెలిసినవాళ్లు ఉంటారు, వాళ్లను అడగడానికి సభ్యత్వం లేదని వెనకాడకండి.

పూర్తిగా కట్టేశాక రసీదులతో సరిపెట్టుకోకుండా, బకాయి ఏమీ లేదని ఒక కాగితం అడిగి తీసుకోండి. ఆ తమ్ముడు ఆరు నెలల్లో తీర్చాడు. ఆ కాగితాన్ని రెండు నకళ్లు తీయించి, ఒకటి గోదాము గుమస్తాకు ఇచ్చాడు, ఒకటి నా దగ్గర పెట్టాడు. అసలు కాగితం వాళ్లమ్మ చూసేలా ఇంట్లో కేలండరు వెనక మేకుకు తగిలించాడు.